గద్వాల నుంచి మణెమ్మ ఊరికి

ఫిబ్రవరి మొదట్లో ఒక సాయంత్రం గద్వాల నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, శాంతిని వాళ్ల అక్క దగ్గరికి తోల్కపోవాలె. నాకొక్కదానికి ధైర్యం చాలుతలేదు. జర నువ్వు రా" అంది. నేను సికింద్రాబాద్‌లో ఒక బడిలో తెలుగు చెబుతాను. సెలవు పెట్టి బయలుదేరాను.

శాంతి ఎవరో చెబితేగాని ఈ ప్రయాణం అర్థం కాదు. మా చిన్నమ్మ పేరు రత్నమ్మ. మా అమ్మకు చెల్లెలు. చిన్నాయన పోయాక గద్వాలలో ఒక్కతే ఉంటూ, మగ్గాల ఇళ్లకు నూలు కండెలు చుట్టి ఇచ్చి బతుకుతోంది. ఏడేళ్ల కిందట ఒక ఆదివారం ఆమె చర్చికి వెళ్లేసరికి గేటు బయట ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. చీర చిరిగిపోయి, జుట్టు అట్టలు కట్టి, ఎవరు పలకరించినా జవాబు లేకుండా. లోపల పాటలు మొదలయ్యాయి. చిన్నమ్మ లోపలికి వెళ్లలేదు. ఆమెను ఇంటికి తీసుకుపోయి నీళ్లు పోసి అన్నం పెట్టింది. పోలీసులకు చెప్పింది, ఫొటో ఇచ్చింది. ఎవరూ రాలేదు. చర్చి సంఘంలో కొందరు సర్కారు ఆశ్రమంలో చేర్పించమన్నారు. చిన్నమ్మ ఊఁ అంటూనే ఉంచుకుంది. శాంతి అని పేరు పెట్టింది. నేనే ఆ ఇద్దరినీ హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు తీసుకెళ్లేదాన్ని. మందులతో రాత్రిళ్లు పెట్టే కేకలు తగ్గాయి, నిద్ర వచ్చింది, పని చేయడం వచ్చింది. మాట మాత్రం రెండు మూడు ముక్కలు దాటలేదు. ఏ ఊరు అంటే తల దించుకునేది.

మొన్న క్రిస్మస్ ముందర, విత్తనాల కోసం వేసే సీడు పత్తి ఏరడానికి బిజినేపల్లి వైపు నుంచి కూలీలు గద్వాలకు వచ్చారు. వాళ్లలో ఒకామె ఆదివారం చర్చికి వచ్చి, చాప మీద కూర్చున్న శాంతిని చూసి "ఓ మణెమ్మా! నువ్వు బతికున్నవా?" అని అరిచిందట. అలా తెలిసింది. పేరు మణెమ్మ. భర్తతో కలిసి పుణెకు పనికి వెళ్లింది. అక్కడ కట్టే భవనం మీద నుంచి పడి అతను చనిపోయాడు. మేస్త్రీ మనుషులతో రాయచూరు దాకా వచ్చిందనీ, ఆ తర్వాత కనిపించలేదనీ చెప్పుకుంటారు. అక్క బాలమ్మ రాయచూరు, యాదగిరి అంతా వెతికింది.

ఆ కూలామె ఇచ్చిన నంబరుకు చిన్నమ్మ ఫోన్ చేస్తే బాలమ్మకు ఏడుపు తప్ప మాట రాలేదు. ఆమె భర్త ఫోన్ తీసుకుని, "మేం కూలికి పోయేటోళ్లం. ఆమెను ఎవలు చూస్తరు? ఆడనే ఉండనియ్యిండ్రి" అన్నాడట. వారం తర్వాత బాలమ్మ ఎవరి ఫోన్ నుంచో చేసి ఒకే మాట చెప్పింది. "తోల్కరా అమ్మా." అందుకే ఈ ప్రయాణం. ఆ ఇంట్లో ఆమెను ఉంచుకుంటారో లేదో మాకు తెలియదు.

కాచిగూడలో కర్నూలు వైపు పోయే పొద్దుటి రైలెక్కాను. జనరల్ టికెట్టే. షాద్‌నగర్ దాటేదాకా నిలబడి, జడ్చర్లలో కిటికీ పక్కన చోటు సంపాదించాను. అటు వెళ్లేవారికి ఒక మాట. వనపర్తి రోడ్ అనే స్టేషన్ వస్తుంది. వనపర్తి ఊరు అక్కడ ఉండదు, చాలా దూరం. తెలియక దిగినవాళ్లు ఆటో కోసం ఎండలో నిలబడతారు.

ఎదుటి సీట్లో అలంపూర్ అమ్మవారి మొక్కు తీర్చుకోవడానికి వెళ్తున్న పెద్దావిడ ఉంది. జొన్నరొట్టె, పల్లీల పొడి నా చేతిలో పెట్టి, "గద్వాలల ఎవరున్నరు బిడ్డా?" అని అడిగింది. ఎందుకు వెళ్తున్నానో చెప్పాను. ఆమె నోట్లో రొట్టె అలాగే ఆగింది.

"మా తమ్ముడు గట్లనే బొంబాయి పోయిండు. మళ్ల రాలే. గదువ మీద మచ్చుంటది. నవ్వితే ఒక కన్ను మూతపడ్తది. నువ్వు ఏ స్టేషన్ల గిట్ల చూస్తే..." అని ఆగిపోయింది. ఎవరికి చెప్పమని, ఎక్కడికి చెప్పమని ఆమె అనలేదు. రైలెక్కినప్పుడల్లా ఎదుటి సీట్లో ఎవరుంటే వాళ్లకు ఆ ఆనవాళ్లు చెబుతుందని పక్కనున్న ఆమె కోడలు నాతో మెల్లగా అంది. కృష్ణ మీద వంతెన దాటుతుంటే ఆ పెద్దావిడ చేతిసంచి లోంచి ఒక రూపాయి తీసి నీళ్లలోకి విసిరి దండం పెట్టుకుంది. నదిలో రాళ్లు తేలి కనిపిస్తున్నాయి. ఆ రాళ్ల మధ్య నీళ్లు సన్నగా పారుతున్నాయి.

గద్వాలలో దిగేసరికి పదకొండు దాటింది. చిన్నమ్మ ఇల్లు కోట వెనక సందులో. తలుపు తీసి నన్ను చూడగానే "వచ్చినవా బిడ్డా, కాళ్లు కడుక్కో" అంది. మా అమ్మ కూడా అచ్చం ఇలాగే, ఇదే గొంతుతో అనేది. అమ్మ పోయి నాలుగేళ్లయింది. నిజం చెప్పాలంటే, నేను గద్వాల వెళ్లేది సగం ఆ గొంతు వినడానికే.

మణెమ్మ లోపల రాట్నం ముందు కూర్చుని ఉంది. చిన్నమ్మ ఇప్పుడామెను మణెమ్మా అనే పిలవడానికి ప్రయత్నిస్తోంది కానీ నోటికి శాంతే వస్తోంది. వయసు నలభై లోపే. జుట్టు నున్నగా దువ్వి జడ వేసి ఉంది. కండెను రాట్నం నుంచి తీసి, వేలితో ఒకసారి నిమిరి, బుట్టలో వేస్తోంది. నన్ను చూసి "సల్లగున్నవా" అంది. నాకు తెలిసి ఆమె నాతో మాట్లాడిన పెద్ద వాక్యం అదే.

సాయంత్రం సంఘం ఆడవాళ్లు నలుగురైదుగురు వచ్చి ప్రార్థన చేశారు. వాళ్లలో ఒకామె, "అక్కా, ఏడేండ్లు పెట్టుకున్నవు, బాప్తిస్మం అన్న ఇప్పియ్యకపోతివి" అంది.

చిన్నమ్మ మెల్లగా చెప్పింది. "ఆమెకు తన పేరే యాదికి లేకుండె. నా దేవున్ని ఆమె మీద ఎట్ల రుద్దాలె? మతి వచ్చినంక ఆమె ఇష్టం. నేను చేయాల్సింది నేను చేసిన. ఆమె గేటు బయట ఆకలితోని కూసుంటే, నేను లోపటికి పోయి ఏం మొహం పెట్టుకొని పాట పాడుదు?"

కాసేపటికి మగ్గాల సరోజమ్మ వచ్చింది. కండెలన్నీ ఆమె ఇంటికే వెళ్తాయి. పద్మశాలి ఇల్లాలు. చిలకపచ్చ అంచున్న గద్వాల కాటన్ చీర ఒకటి తెచ్చి, "నీ కండెలతోని నేసిందే ఇది. కట్టుకొని పో" అని మణెమ్మ ఒళ్లో పెట్టింది. మణెమ్మ చీరను తిప్పి తిప్పి చూసి, అంచు దగ్గర పోగులను వేలితో తడిమింది. సరోజమ్మ కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

మర్నాడు ఏడున్నరకు గద్వాల బస్టాండ్‌లో వనపర్తి బస్సు దొరికింది. ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి వంతెన, పెబ్బేరు మీదుగా వెళ్తుంది. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే టికెట్ లేదు. చిన్నమ్మకు, నాకు జీరో టికెట్లు కొట్టింది కండక్టరమ్మ. మణెమ్మకు ఆధార్ లేదు.

"కార్డు లేకుంటే టికెట్ తీసుకోవాలె. ఏ ఊరామెది?" అంది కండక్టరమ్మ.

"సాయంత్రానికి తెలుస్తది తల్లీ" అంది చిన్నమ్మ, టికెట్ డబ్బులిస్తూ.

కండక్టరమ్మకు అర్థం కాలేదు. మా ముగ్గురినీ ఒకసారి చూసి ముందుకు వెళ్లిపోయింది.

మణెమ్మ కొత్త చీరలో కిటికీ పక్కన కూర్చుంది. బీచుపల్లి దగ్గర కృష్ణ కనబడగానే చిన్నమ్మ చేయి పట్టుకుంది, ఇక వదల్లేదు. ఇరుపక్కలా పల్లీ చేలు. కొన్నిచోట్ల పీకిన చెట్లను కుప్పలు వేశారు. పెబ్బేరు దాటాక చిన్నమ్మ నా చెవి దగ్గరికి వంగింది.

"బిడ్డా, నిన్నొకటి అడుగుత. వాళ్లు వద్దంటే బాగుండునని లోపల అనిపిస్తుంది. ఆమె ఇల్లు చూపియ్యి తండ్రీ అని రోజూ ప్రార్థన చేసిన. ఇప్పుడు చూపిస్తుంటే, వద్దని కొట్లాడబుద్ధయితుంది. ఇది పాపమేనా?"

"పాపం కాదు చిన్నమ్మా, ప్రేమ" అన్నాను. ఆ మాట నాకే చాలీచాలనట్టు వినిపించింది. ఆమె బయటికి చూస్తూ, "ప్రేమైతే ఆమెకు మంచిది కోరాలె గద" అంది.

వనపర్తి బస్టాండ్‌లో జనం కిక్కిరిసి ఉన్నారు. బిజినేపల్లి బస్సు రాగానే అందరూ ఒక్కసారి తోసుకున్నారు. మణెమ్మ నేల మీద కూర్చుండిపోయింది. రెండు చేతులతో తల పట్టుకుని, "మేస్త్రీ, మేస్త్రీ" అని గొణుగుతోంది. రాయచూరు స్టేషన్లో ఇలాంటి తోపులాటలోనే తప్పిపోయిందేమో! బస్సు వెళ్లిపోయింది. చుట్టూ జనం చేరి చూస్తున్నారు. ఒకడు ఫోన్ తీశాడు. బుర్ఖాలో ఉన్న ఒక నడివయసు ఆవిడ వాడికి అడ్డంగా నిలబడి, "తమాషానా? నడువ్" అని కసిరి, తన నీళ్ల సీసా మణెమ్మకు అందించింది.

"పరేషాన్ గాకు అమ్మా. బస్సులు మస్తుంటయి. జనం తగ్గినంక ఎక్కుదురు" అని మా దగ్గరే మెట్టు మీద కూర్చుంది. తనూ బిజినేపల్లి దాకానే. మా కోసం రెండు బస్సులు వదిలేసింది. ఆ గంటసేపట్లో ఆమె అడిగింది ఒక్కటే. "ఈమె మీకేమైతది?" చిన్నమ్మ మణెమ్మ కొంగు సర్దుతూ, "దేవుడిచ్చిండు" అంది. ఆవిడ తల ఊపింది.

మూడో బస్సు ఖాళీగా వచ్చింది. బిజినేపల్లిలో హోటల్లో ఇడ్లీ తిని ఆటో మాట్లాడుకున్నాం. బాలమ్మ ఊరు అక్కడికి దగ్గరే. చిన్న ఊరు, పేరు రాయడం లేదు. దారిలో మోదుగులు పూసి ఉన్నాయి. మణెమ్మ బయటికి చూస్తోంది కానీ, ఆమె ముఖంలో నాకేమీ కనబడలేదు. చిన్నమ్మ ఆ ముఖాన్నే చూస్తోంది.

రేకుల ఇంటి ముందు పల్లీకాయ కుప్ప పోసి ఉంది. దాని పక్కన చాట పెట్టుకుని ఒక ఆడమనిషి కాయ వలుస్తోంది. ఆటో ఆగగానే లేచింది. సన్నగా, పొడుగ్గా, మణెమ్మ పదేళ్ల తర్వాత ఇలాగే ఉంటుందేమో అన్నట్టుంది. ఆమె బాలమ్మ. రెండడుగులు ముందుకు వేసి ఆగిపోయింది. చెల్లెలు తనను పోల్చుకోకపోతే ఏం చేయాలో అన్న భయం ఆమె కళ్లలో కనబడింది. గుమ్మంలో ఆమె భర్త చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మణెమ్మ ఆటో దిగి అలాగే నిలబడిపోయింది. బాలమ్మ మళ్లీ చాట దగ్గరే కూలబడింది. మణెమ్మ నడుచుకుంటూ వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. కుప్పలోంచి గుప్పెడు కాయ తీసి వలవడం మొదలుపెట్టింది. గింజలు చాటలో వేయలేదు. ఒకటొకటిగా అక్క ఒళ్లో వేస్తోంది. బాలమ్మ కూడా వలుస్తూనే ఉంది.

చాలాసేపటికి మణెమ్మ తల ఎత్తకుండానే అంది.

"అక్కా, ఆయన పడ్డడు."

"ఆఁ" అంది బాలమ్మ.

"పైకెల్లి పడ్డడు. నేను కింద ఇసుక జల్లిస్తున్న. నా ముంగట్నే పడ్డడు. నీళ్లడిగిండు. నేను తెచ్చేటాళ్లకు లేడు."

బాలమ్మ ఆమెను గట్టిగా హత్తుకుంది. ఒళ్లో గింజలన్నీ నేల మీదికి జారాయి. ఇద్దరూ ఏడ్చిన ఏడుపు ఇక్కడ రాయలేను. పక్కిళ్ల ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. చిన్నమ్మ మాత్రం దూరంగా, ఆటో పక్కనే ఉండిపోయింది. నేను దగ్గరికి వెళ్లాను.

"ఏడేండ్లు నా పక్కలో పండుకుంది. నాకు చెప్పలే" అంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "చెప్పాల్సినోళ్ల కోసం దాసుకుంది. ఇది ఆమె ఇల్లే బిడ్డా. ఇగ అడిగేదేం లేదు."

అడగాల్సినవి మిగిలే ఉన్నాయి. మధ్యాహ్నం అన్నాలయ్యాక బాలమ్మ భర్త చిన్నమ్మ ముందు కూర్చున్నాడు. మాటలో కోపం లేదు. అలసట ఉంది. "అమ్మా, నన్ను చెడ్డోడనుకోకు. పల్లి అమ్మినంక మేము బొంబాయి పోతం. ఈమెను మందులతోని ఆడికి ఎట్ల తోల్కపోవాలె? ఈడ ఎవల్ల మీద ఇడిసిపోవాలె?"

"మీరు పోయేటప్పుడు నా దగ్గర దింపుండ్రి. వచ్చినంక తోల్కపోండ్రి" అంది చిన్నమ్మ. "నెలనెల మందులకు నేనే వస్త. నేను బతికున్నన్ని రోజులు ఆమెకు రెండిండ్లు."

అతను కొంచెం ముందుకు జరిగాడు. "మా చుట్టాలు గూడ గింత చేయరమ్మా. నీకేం అక్కర?"

"నాకూ ఒకాయన చేసిండు. అప్పు తీరుస్తలేను, తీరేది గాదు. గట్ల చేయబుద్ధయితది, గంతే" అంది చిన్నమ్మ. ఆ ఒకాయన ఎవరో అతను అడగలేదు. "సరే, ఉండనీ" అని లేచి, మణెమ్మ కోసం మంచం తీసి నీడలో వాల్చాడు.

ఆ రాత్రి అక్కడే ఉన్నాం. మర్నాడు పొద్దున్నే బాలమ్మ, మణెమ్మ, మేమిద్దరం నాగర్‌కర్నూల్ పెద్ద దవాఖానకు వెళ్లాం. మందులు ఇకపై దగ్గర్లోనే దొరకాలని చిన్నమ్మ పట్టు. మానసిక వైద్యం చూసే డాక్టరు ఓపిగ్గా విన్నాడు. పాత మందులే రాసి, "మాట్లాడనివ్వండి, ఆపకండి" అన్నాడు. ఏ మాత్ర పొద్దున, ఏది పడుకునే ముందు, చిన్నమ్మ బాలమ్మకు పదేపదే చెప్పింది. బెల్లం ముక్కతో ఇస్తే చేదనదని, ఉరిమితే భయపడుతుందని, అప్పుడు చేయి పట్టుకుంటే చాలని చెప్పింది. బాలమ్మ అన్నిటికీ తల ఊపుతూ ఉంది. చివరికి చిన్నమ్మ చెప్పేవి అయిపోయాయి. అప్పుడు ఆమె ముఖం చూడలేకపోయాను.

నాగర్‌కర్నూల్ బస్టాండ్ దవాఖాన నుంచి ఆటోలో కొద్ది దూరం. ముందు బిజినేపల్లి బస్సు వచ్చింది. మణెమ్మ అక్క వెనకే ఎక్కింది. మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగి, "నువ్వు రావా?" అని చిన్నమ్మను అడిగింది.

"వచ్చే నెల వస్త. నువ్వు పో" అంది చిన్నమ్మ. బస్సు కదిలి మలుపు తిరిగేదాకా చేయి ఊపింది. తర్వాత బెంచీ మీద కూర్చుని చాలాసేపు లేవలేదు.

"నాతో హైదరాబాద్ రా చిన్నమ్మా, కొన్నాళ్లుందువు" అన్నాను. అది ఆమె కోసమేనా అంటే, పూర్తిగా కాదు. నా ఇంట్లో కూడా పొద్దున్నే ఎవరైనా "కాళ్లు కడుక్కో" అంటే బాగుండునని ఉంది.

"వస్త బిడ్డా, ఇప్పుడు గాదు. సరోజమ్మకు కండెలియ్యాలె. ఆదివారం సంఘంల చెప్పాలె, ఆమె చేరిందని. వాళ్లందరు ప్రార్థన చేసిండ్రు" అంది. వనపర్తి మీదుగా వెళ్లే బస్సులో ఆమెను కూర్చోబెట్టి, పక్క సీటామెకు అప్పగించి దిగాను.

నా బస్సు ఒంటిగంటకు కదిలింది. కల్వకుర్తిలో టీకి ఆగారు. అక్కడ ఎక్కిన ఒక ముసలాయన నా పక్కన కూర్చుని, "చుట్టాలింటికి పోయొస్తున్నవా అమ్మా?" అన్నాడు.

"మా చెల్లెను ఆమె ఇంట్ల దింపి వస్తున్న" అన్నాను.

"మంచిదే గద. మరి కండ్లల్ల నీళ్లేంది?" అన్నాడు. నేను కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా కిటికీ అద్దం సగం మూశాడు, గాలి తగలకుండా.

ఆమనగల్లు దాటాక నేను చూసినవన్నీ ఒకసారి గుర్తు చేసుకున్నాను. గద్వాల వెళ్లేవాళ్లు కోట చూస్తారు, చీరలు కొంటారు. వనపర్తిలో రాజావారి బంగళా చూస్తారు. నేనవేవీ చూడలేదు. దారి పొడవునా ఎవరో ఒకరి కోసం చూస్తున్న మనుషులను చూశాను. ఆ చూపులకు జవాబివ్వడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒక్క గేటు దగ్గర ఒక్క మనిషి ఆగితే, ఏడేళ్లకు ఒక ఇంటికి జవాబు వెళ్లింది. అంతకంటే గట్టిగా చెప్పగలిగింది నా దగ్గరేమీ లేదు.

తుక్కుగూడ దగ్గర ఉండగా చిన్నమ్మ ఫోన్ వచ్చింది.

"చేరిన బిడ్డా. బాలమ్మ ఫోన్ చేసింది. బువ్వ తిన్నదంట, అక్కతోని బాగ మాట్లాడుతుందంట."

"నువ్వు తిన్నావా?"

"తింట." ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాను. "ఇల్లు పెద్దగయింది బిడ్డా" అంది.